గ్రాండ్ కాన్యన్: దిగేముందు ఎక్కుడు లెక్క చూసుకోండి

సంపాదకులకు నమస్కారం.

వేసవి వచ్చిందంటే హైదరాబాద్, విజయవాడ, విశాఖల నుంచి తల్లిదండ్రులు అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి బయలుదేరతారు. పిల్లలు నాలుగు రోజులు సెలవు పెట్టి లాస్ వేగాస్, గ్రాండ్ కాన్యన్ కలిపి కారులో తిప్పుతారు. మన పత్రికల్లో వచ్చే యాత్రా వ్యాసాల్లో ఆ లోయ ఫొటోలు, సూర్యాస్తమయం, హోటళ్ల వివరాలు బాగానే ఉంటున్నాయి. ‘ఇంత దూరం వచ్చాం, కాస్త కిందికి దిగి చూసొద్దాం’ అనుకునే కుటుంబానికి కావలసిన లెక్కలు మాత్రం ఉండడం లేదు. ఏటా 250 మందికి పైగా ఆ లోయలో చిక్కుకుని రక్షణ సిబ్బంది సాయంతో బయటపడుతున్నారు. అందుకే ఆ లెక్కలను మీ పాఠకుల ముందు పెట్టాలని ఈ ఉత్తరం.

ముందు ఏ గ్రాండ్ కాన్యన్ అన్నది తేల్చుకోవాలి. లాస్ వేగాస్ నుంచి ఒక్క రోజులో తీసుకెళ్లి తెచ్చే బస్సులు చాలావరకు వెళ్లేది గ్రాండ్ కాన్యన్ వెస్ట్‌కు. గాజు వంతెన ఉన్నది అక్కడే. అది వాలపాయ్ ఆదివాసుల భూమి; టికెట్లు, నియమాలు వాళ్లవే. నేషనల్ పార్కు వేరు. దాని దక్షిణపు అంచు, అంటే సౌత్ రిమ్, వేగాస్ నుంచి 450 కిలోమీటర్లు, కారులో నాలుగున్నర గంటలు. ఫీనిక్స్ నుంచి అయితే మూడున్నర గంటలు. ఈ ఉత్తరంలో చెప్పేదంతా సౌత్ రిమ్ గురించే.

గండికోట దగ్గర పెన్నా లోయను మనం ముద్దుగా ‘ఇండియా గ్రాండ్ కాన్యన్’ అంటాం. అక్కడ రాతి గోడల ఎత్తు సుమారు 300 అడుగులు. సౌత్ రిమ్ మీద, లోయలోకి దిగే బ్రైట్ ఏంజెల్ బాట మొదలయ్యేచోటు నుంచి కొలరాడో నది దాదాపు 4,400 అడుగుల కింద ఉంటుంది. పైగా ఆ మొదలు సముద్రమట్టానికి 6,860 అడుగుల ఎత్తున, ఇంచుమించు ఊటీ అంత ఎత్తున ఉంది. విజయవాడ ఎండకు అలవాటుపడ్డ ఊపిరితిత్తులకు అక్కడి పలచటి గాలి కొత్త. దిగేటప్పుడు ఆ తేడా తెలియదు. ఎక్కేటప్పుడు పది అడుగులకే ఆయాసం వస్తుంది.

అసలు పొరపాటు మన అలవాటులోంచే వస్తుంది. మన నడకలన్నీ ఎక్కుడుతో మొదలవుతాయి. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేవాళ్లు మొదట్లోనే అలిసిపోతారు. కాళ్లు పీకితే కూర్చుంటారు, మరీ కష్టమైతే వెనక్కి దిగిపోతారు. పైన దర్శనం అయ్యాక బస్సు ఉంటుంది. గ్రాండ్ కాన్యన్‌లో అంతా తిరగబడుతుంది. ఒంట్లో బలం ఉన్నప్పుడు దిగుడు, బలం అయిపోయాక ఎక్కుడు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు దిగుడు, ఎండ ముదిరాక ఎక్కుడు. దిగుతున్నంతసేపూ ఒళ్లు ‘ఇంకా వెళ్లొచ్చు’ అనే చెబుతుంది, ఆ మాట నమ్మకూడదు. దిగడం మీ ఇష్టం, ఎక్కడం మాత్రం తప్పదని అక్కడి రేంజర్లు పదేపదే చెప్పేది ఇందుకే. బ్రైట్ ఏంజెల్ బాటలో మూడో మైలు విశ్రాంతి మందిరం దాకా దిగితే 2,100 అడుగుల కిందికి వెళ్లినట్టు. తిరిగి రావడం అంటే ఇంచుమించు అలిపిరి దారి మొత్తం ఎక్కినట్టే. అదీ దాదాపు ఐదు కిలోమీటర్లు దిగివచ్చిన కాళ్లతో, తల మీద కప్పు లేకుండా, దారిలో టీ కొట్టు లేకుండా.

ఎండ లెక్క కూడా ఇలాగే బోల్తా కొట్టిస్తుంది. లోయలో వెయ్యి అడుగులు దిగితే వేడి దాదాపు 3 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. జూలైలో అంచు మీద పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత సగటున 29 డిగ్రీలు, అడుగున నది దగ్గర 41. ఫోనులో వాతావరణం చూసి ‘29 డిగ్రీలేగా, మన దగ్గర 44 చూశాం’ అనుకుంటాం. ఫోను చూపించేది అంచు సంగతి. అడుగున ఎలా ఉందో తెలియాలంటే నది దగ్గరి బస ఫాంటమ్ రాంచ్ పేరుతో వెతకాలి. ఆ అంకె కూడా నీడలో కొలిచినది. ఎండ ముదిరాక బాట మీద నీడ దాదాపు ఉండదు, రాళ్లు కూడా సెగ కక్కుతాయి.

తీరప్రాంతం వాళ్లు మరో సంగతి గమనించాలి. మచిలీపట్నంలో చెమట పట్టిందంటే చొక్కా తడిసి ఒంటికి అంటుకుంటుంది, నీళ్లు తాగాలని గుర్తొస్తుంది. ఎడారి గాలిలో చెమట పట్టీ పట్టకముందే ఆవిరైపోతుంది. ఒళ్లు పొడిగానే ఉంటుంది గానీ లోపల నీరు పోతూనే ఉంటుంది. కణతల మీద, చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు కనబడితే ఒంట్లోంచి చాలా పోయిందని అర్థం.

ఇక ఎవరు ఎంతవరకు వెళ్లాలి అన్నది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, చంకబిడ్డలున్న తల్లులు అంచు వెంబడే ఉండే రిమ్ ట్రైల్ మీద నడిస్తే చాలు. లోయ అందం అక్కడేమీ తగ్గదు. చాలా భాగం చదునుగా, తారు పరిచిన దారి. అలిసిపోతే ఎక్కడికక్కడ ఉచిత బస్సు ఎక్కొచ్చు. యావపాయ్ భూగర్భశాస్త్ర మ్యూజియం నుంచి హోటళ్లుండే విలేజ్ వైపు వచ్చే భాగంలో ఒక్కో మీటరును పది లక్షల ఏళ్లుగా లెక్కకట్టి గుర్తులు పెట్టారు, ఆయా కాలాల రాళ్లనూ పక్కన నిలబెట్టారు. లోయ అడుగున ఉండే 170 కోట్ల ఏళ్ల నాటి రాయికి విష్ణు షిస్ట్ అని పేరు. ఆ నల్లటి రాతిని ఈ దారిలోనే చేత్తో తాకి చూడొచ్చు. లోయలోని శిఖరాల్లో విష్ణు టెంపుల్, బ్రహ్మ టెంపుల్, శివ టెంపుల్ ఉన్నాయి. 1880ల్లో అక్కడ పనిచేసిన భూగర్భ శాస్త్రవేత్త క్లారెన్స్ డటన్ తూర్పు దేశాల దేవుళ్ల పేర్లు పెట్టే పద్ధతి మొదలుపెట్టాడు. తాతయ్య మనవలకు దశావతారాలు చెబుతూ నడవడానికి ఇంతకంటే మంచి దారి అమెరికాలో మరొకటి లేదని మా అభిప్రాయం.

ఓ మోస్తరుగా నడవగలిగి, ఎనిమిది తొమ్మిదేళ్లు దాటిన పిల్లలున్న కుటుంబానికి రెండు చోట్లు సరిపోతాయి. ఒకటి బ్రైట్ ఏంజెల్ బాటలో ఒకటిన్నర మైలు విశ్రాంతి మందిరం. రానుపోను 4.8 కిలోమీటర్లు, దిగుడు సుమారు 1,130 అడుగులు. వేసవిలో తాగునీటి కొళాయి ఉంటుంది, మరుగుదొడ్డి ఉంది, పొద్దున కొంత నీడ కూడా దొరుకుతుంది. రెండోది సౌత్ కైబాబ్ బాటలో సీడార్ రిడ్జ్. దూరం, దిగుడు దాదాపు అంతే, దృశ్యం మాత్రం ఇంకా విశాలం. కానీ ఆ బాట మొత్తంలో చుక్క నీరు లేదు, నీడ లేదు. అక్కడికి సొంత కారు వెళ్లనివ్వరు, విజిటర్ సెంటర్ నుంచి బస్సులోనే వెళ్లాలి. అందుకే మొదటిసారి వచ్చేవాళ్లకు, పిల్లలున్నవాళ్లకు బ్రైట్ ఏంజెలే మంచిదంటాం. సీడార్ రిడ్జ్ దాకా వద్దనుకుంటే ఆ బాటలోనే 1.4 కిలోమీటర్ల దగ్గర ఊ ఆ పాయింట్ ఉంది, ఫొటోలకు అది చాలు.

నది దాకా దిగి అదే రోజు ఎక్కి రావడం కుటుంబాలు చేయాల్సిన పని కాదు. ముఖ్యంగా మే నుంచి సెప్టెంబరు దాకా ఎవరూ చేయవద్దని పార్కే గట్టిగా చెబుతోంది. కింద గుడారం వేసుకుని బస చేయాలంటే ముందుగా అనుమతి పత్రం తీసుకోవాలి. అది నెలల ముందు వేసుకోవలసిన ప్రణాళిక, అప్పటికప్పుడు అనుకుని చేసేది కాదు.

ఎక్కడ వెనక్కి తిరగాలో దూరాన్ని బట్టి కాదు, గడియారాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. దిగడానికి ఒక గంట పడితే ఎక్కడానికి రెండు గంటలు పడుతుంది. మూడు గంటల నడక అనుకుంటే, సరిగ్గా గంట కాగానే ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలి. ‘అదిగో ఆ మలుపు దాకా’ అన్న మాటే కొంప ముంచుతుంది. ఘాట్ రోడ్డులాగా ఒక మలుపు కింద మరో మలుపు కనబడుతూనే ఉంటుంది. పదింటి నుంచి నాలుగింటి దాకా ఎండలో ఎక్కుతూ ఉండకూడదు. జూన్‌లో అక్కడ ఐదుంపావుకే తెల్లవారుతుంది. ఐదున్నరకు బాట మీద ఉంటే ఆరున్నరకు ఒకటిన్నర మైలు దగ్గరికి చేరతారు. ఇరవై నిమిషాలు కూర్చుని, ఏదైనా తిని బయలుదేరితే తొమ్మిదికి పైకి వచ్చేస్తారు. హోటల్లో ఉదయం ఫలహారం ఏడింటికి పెడతారు కాబట్టి తినే వెళ్దామనుకుంటే ఆ పథకం అక్కడే చెడిపోతుంది. ఎక్కేటప్పుడు పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత నిదానంగా నడవాలి. మాట రాకపోతే వేగం ఎక్కువైనట్టు.

ఇండియా నుంచి దిగిన రెండో రోజో మూడో రోజో పెద్దవాళ్లను అక్కడికి తీసుకెళ్లకండి. నిద్ర లేమి, ఆ ఎత్తు, ఆ ఎండ మూడూ కలిస్తే ఒళ్లు తట్టుకోదు. కనీసం వారం గడవనివ్వండి.

నీళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. నడిచే ప్రతి గంటకు మనిషికి అర లీటరు నుంచి లీటరు కావాలి. మూడు గంటల నడకకు మనిషికి తక్కువలో తక్కువ రెండు లీటర్లు, ఎండాకాలంలో మూడు. ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే పెద్ద సంచిలో సీసాలన్నీ వేసి నాన్న మోయడం మన పద్ధతి. అక్కడ అది పనికిరాదు. పిల్లలు ముందు పరుగెడతారు, అమ్మ వెనకబడుతుంది, నీళ్లు మధ్యలో ఎక్కడో ఉంటాయి. ఎవరి సీసా వాళ్ల దగ్గరే ఉండాలి.

బాట మీది కొళాయిలను నమ్ముకుని ఖాళీ సీసాలతో బయలుదేరకండి. ఆ నీరు లోయకు ఉత్తరం వైపున్న రోరింగ్ స్ప్రింగ్స్ అనే ఊట నుంచి దాదాపు 20 కిలోమీటర్ల గొట్టంలో వస్తుంది. 1960ల్లో వేసిన ఆ గొట్టం 2010 తర్వాత 85 సార్లకు పైగా పగిలింది. 2024 ఆగస్టు చివర్లో ఒకేసారి పలుచోట్ల పగలడంతో సౌత్ రిమ్‌లోని పార్కు హోటళ్లలో రాత్రి బసే ఆపేశారు. కొత్త గొట్టం పని జరుగుతున్నందున బాటల్లో కొన్ని భాగాలను మధ్యమధ్య మూసేస్తుంటారు కూడా. పై రెండు విశ్రాంతి మందిరాల దగ్గరి కొళాయిలు ఎలాగూ చలికాలంలో కట్టేసి ఉంటాయి. అందుకే ముందురోజు సాయంత్రం పార్కు వెబ్‌సైటులో గానీ విజిటర్ సెంటర్‌లో గానీ ‘రేపు ఏ కొళాయిలో నీళ్లున్నాయి, ఏ బాట తెరిచి ఉంది’ అని చూసుకోవాలి.

నీళ్లు తక్కువ తాగడం ఒక ప్రమాదమైతే, ఉప్పు లేకుండా నీళ్లే తాగుతూ పోవడం ఇంకొకటి. చెమటలో ఉప్పు పోతుంది. ఉత్త నీళ్లు పోస్తుంటే రక్తంలో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వాంతి, మాటిమాటికీ తెల్లగా మూత్రం, తర్వాత మతి తడబాటు వస్తాయి. చూసేవాళ్లు వడదెబ్బనుకుని ఇంకా నీళ్లు తాగిస్తారు, అది మరీ ముప్పు. దీనికి మన వంటిల్లే మందు. జంతికలు, పప్పు చెక్కలు, సకినాలు, ఉప్పు వేసి వేయించిన పల్లీలు పెట్టుకోండి. పులిహోర ఉప్పూ పులుపూ ఉన్నది, పొద్దుటి నడకకు బాగుంటుంది. పెరుగన్నం, మజ్జిగ ఆ వేడికి నిలవవు. తీపి బిస్కెట్లు మాత్రమే పెట్టుకుంటే ఉప్పు అందదు. నీళ్లు తాగిన ప్రతిసారీ కాకపోయినా రెండుసార్లకు ఒకసారైనా ఏదో ఒకటి కొరకాలి. ఆకలి లేదన్నా పిల్లలతో తినిపించాలి, ఎండలో మొదట చచ్చేది ఆకలే.

ఓఆర్ఎస్ పొట్లాలు ఇండియా నుంచి తెచ్చుకోవచ్చు. అయితే పొట్లం మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. పెద్ద పొట్లం మొత్తం ఒక లీటరు నీళ్లలో కలపాలి, అర లీటరులో కాదు. ఓఆర్ఎస్ పేరు పెట్టుకుని అమ్మిన తీపి పానీయాలపై హైదరాబాద్ పిల్లల వైద్యురాలు ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకూడదని ఆదేశించిన సంగతి మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆ తీపి డబ్బాలు ఈ పనికి పనికిరావు. రక్తపోటుకు నీరు పోయే మాత్రలు వాడేవాళ్లు, ఉప్పు తగ్గించమని వైద్యులు చెప్పినవాళ్లు ఇవన్నీ బయలుదేరకముందే తమ డాక్టరుతో మాట్లాడుకోవాలి. చక్కెర వ్యాధి ఉన్నవాళ్లకు ఎక్కుడులో చక్కెర ఉన్నట్టుండి పడిపోవచ్చు, గ్లూకోజు బిళ్లలు జేబులో ఉండాలి. ఇన్సులిన్ కారులో వదిలితే ఆ వేడికి పాడవుతుంది.

కాళ్లకు పట్టున్న బూట్లు కావాలి, చెప్పులు వద్దు. దిగుడులో వేళ్లు బూటు ముందుభాగానికి గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి. ముందురోజే గోళ్లు కత్తిరించుకుని, చీలమండ దగ్గర తాడు బిగించి కట్టుకోవాలి. బాటకు అడ్డంగా దుంగలు పాతి మెట్లలా చేశారు. అవి సమానంగా ఉండవు కాబట్టి మోకాళ్ల మీద భారం పడుతుంది. చేతికర్రల జత ఉంటే ఆ భారం చాలా తగ్గుతుంది. వేసవిలో నూలు చొక్కా తడిపి వేసుకుంటే ఒళ్లు చల్లబడుతుంది, కొళాయి దగ్గర ఆగిన ప్రతిసారీ తడుపుకోవచ్చు. అదే నూలు చలికాలంలో ప్రమాదం, తడిస్తే వణికిస్తుంది. డిసెంబరు నుంచి మార్చి దాకా బ్రైట్ ఏంజెల్ పైభాగం మంచుగడ్డ కట్టి జారుతుంది. బూట్లకు తగిలించే ఇనుప పళ్లు లేకుండా దిగకూడదు. తలకు కట్టుకునే లైటు పొద్దున బయలుదేరినా సరే సంచిలో ఉండాలి.

బాట మీద కంచరగాడిదల వరుస ఎదురైతే దారి వాటిదే. కొండ గోడ వైపు ఒదిగి నిలబడాలి, లోయ వైపు ఎప్పుడూ నిలబడకూడదు. బెదిరిన గాడిద తోసిందంటే కింద ఆనడానికి ఏమీ ఉండదు. నడిపించే మనిషి చెప్పినట్టు చేయాలి, కదలకూడదు, పిల్లలు చేతులు ఊపకూడదు. ఆఖరి గాడిద దాటి 50 అడుగులు పోయాక కదలాలి. అంచు మీద చాలాచోట్ల కంచె లేదు. ఆరడుగులు ఇవతలే ఉండమని పార్కు సూచన. ఫొటో కోసం వెనక్కి అడుగులు వేయనే వేయకండి. ఉడతలు చేతిలో తినుబండారం లాక్కోవడానికి వస్తాయి, కరుస్తాయి. పిల్లలకు ముందే చెప్పాలి. జూలై నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నం ఉరుముల వాన పడుతుంది. ఉరుము వినబడిందంటే అంచు వదిలి బస్సులోకో భవనంలోకో వెళ్లిపోవాలి.

దారిలో ఎవరికైనా తలనొప్పి, వికారం, కాళ్ల తిమ్మిరి మొదలైతే అక్కడే నీడలో కూర్చోబెట్టి, మెడ, చొక్కా తడిపి, ఉప్పు తిండి, కొద్దికొద్దిగా నీళ్లు ఇవ్వాలి. అరగంటైనా ఆగాలి. ‘ఎలాగోలా పైకి వెళ్లిపోదాం’ అని లాక్కెళ్లడమే చాలామంది చేసే తప్పు. ఎండ బాగా ముదిరితే సాయంత్రం దాకా నీడలోనే ఉండిపోయి, పొద్దు వాలాక నెమ్మదిగా ఎక్కడం మేలు, అందుకే లైటు. మాట తడబడినా, అడుగు తూలినా, పిలిస్తే పొంతన లేకుండా పలికినా అది వడదెబ్బ కావచ్చు, సోడియం పడిపోవడమూ కావచ్చు. ఒళ్లంతా తడిపి విసరుతూనే ఇంకొకరిని సాయానికి పంపాలి. ఫోను సిగ్నలు లోపల సరిగా ఉండదు, దొరికినచోట 911. ఎక్కువమంది ఉన్నప్పుడు ఇద్దరిద్దరు జతగా నడవాలి, కుటుంబంలో అందరికంటే నెమ్మదిగా నడిచేవారు ముందుండాలి. పెద్దవాళ్ల ప్రయాణ బీమాలో పాత జబ్బులకు, అత్యవసరంగా ఆస్పత్రికి తరలించే ఖర్చుకు కవరేజీ ఉందో లేదో టికెట్టు కొనే రోజే చదువుకోవాలి.

మీ పత్రికకు మా విన్నపం ఒక్కటే. ఇకపై ఏ లోయ గురించి యాత్రా వ్యాసం వేసినా, ఫొటో పక్కన చిన్న పెట్టె కట్టి నాలుగు వివరాలు అచ్చేయండి: మొదలు సముద్రమట్టానికి ఎంత ఎత్తున ఉంది, ఎంత దిగాలి, దారిలో నీళ్లెక్కడ, ఎన్ని గంటలకు తిరిగి పైకి వచ్చేయాలి. ఏప్రిల్‌లో, వీసాలు చేతికొచ్చి పెట్టెలు సర్దుకునే రోజుల్లో వేస్తే మరీ మంచిది. జంతికలు ఎటూ సర్దుతారు, ఆ పెట్టెలోనే నాలుగు ఓఆర్ఎస్ పొట్లాలు కూడా పడతాయి.

ఇట్లు,
అరిజోనాలో ఉంటున్న కొందరు తెలుగువారు
ఫీనిక్స్